చిరుతకు వెనక తలుపు

పొద్దున్నే కాఫీ గ్లాసుతో మెట్లు దిగిన సునయనకు గుండె జారిపోయింది. ఇంటిముందు ఆమె రేసు కారు చిరుత, వెనక పెద్ద తలుపుతో హ్యాచ్‌బ్యాక్ అయిపోయి కూర్చుంది. ఒక రకం కారు యజమానుల్లో ఎక్కువమంది ఓటేస్తే చాలు, ఆ రకం కార్లన్నీ రాత్రికి రాత్రే రూపం మార్చుకునే రోజులవి.

"చిరుతేంటి, కడుపుతో ఉన్న పిల్లిలా ఉంది!" అని భర్త సోమశేఖర్ పకపకా నవ్వాడు.

సాయంత్రంలోగా వద్దని చెబితే పాత రూపం తిరిగొస్తుంది. ఆ మాట కారుకు చెప్పబోతుండగా అత్తగారు కామాక్షమ్మ వీణతో బయటికొచ్చారు. భీమిలిలో కచేరీ. చిరుత పాత రూపంలో వీణ పట్టక, ఇన్నేళ్లూ ఆవిడ అద్దె వ్యానులో ఒంటరిగా వెళ్లేవారు. ఇవాళ వీణ వెనక హాయిగా పడుకుంది. ఆవిడ కోడలి పక్కన కూర్చున్నారు.

సముద్రం పక్కన రోడ్డు ఖాళీగా కనిపించగానే సునయన కాలు ఆగలేదు. చిరుత పాత పరుగే అందుకుంది. అత్తగారు కళ్లు మూసుకున్నారు. భయపడ్డారేమోనని సునయన వేగం తగ్గించింది.

"ఎందుకే తగ్గించావ్? ఇప్పుడే కదా శ్రుతి కుదిరింది!" అన్నారావిడ.

"ఇలాగే ఉండిపోవే," అని కారుతో చెప్పి, సునయన మళ్లీ తొక్కింది.