ఊరు మెచ్చిన పాట

“జోలపాట అంట! మన పాటను జోలపాట అని రాసినాడు వాడు!”

తిప్పేష్ ఫోన్‌ను గోడకేసి కొట్టబోయి, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

రాప్తాడు హైవే పక్కన, పగలు ట్రాక్టర్లు బాగుచేసే రేకుల షెడ్డు అది. సాయంత్రమైతే అందులో ‘తుమ్మముల్లు’ బ్యాండు కూర్చుంటుంది. పాడేదీ గిటార్ గీకేదీ తిప్పేష్. డ్రమ్ములు బాదేది అశ్విని. పోయినేడు ఇదే షెడ్డులో రేకులు అదిరేట్టు అరిచి మొదటి ఆల్బం చేశారు. పంక్ పాటంటే అంతే కదా, కడుపులో మంటను గొంతులోకి తెచ్చుకోవడం. ఈసారి బెంగళూరు పోయి, చలచల్లని స్టూడియోలో మెత్తటి గోడల మధ్య రెండోది చేశారు. దాని పేరు ‘పదును’. బయటికొచ్చి వారమైంది.

“ఆ రివ్యూ పూర్తిగా చదువన్నా” అంది అశ్విని.

తిప్పేష్ పళ్లు కొరుకుతూ ఫోన్ తీశాడు. “‘మొదటి ఆల్బం వింటే ఒళ్లు జలదరించింది. లేచి పారిపోవాలనిపించింది. అదే దాని గొప్ప. రెండోదాని పేరు పదునే గానీ పాట మొద్దు. ఇది జోలపాట. వింటూ కడుపునిండా తిని, హాయిగా పడుకోవచ్చు.’ వింటాండావా?”

“మిగతావాళ్లు ఏమన్నారు?”

“హైదరాబాదు ఆయమ్మ గూడా అదే మాట. చెన్నై ఆయప్ప అయితే, ‘మర్యాదస్తుల పంక్’ అన్నాడు.”

అశ్విని డ్రమ్ము అంచు గోకింది. “నాకూ అట్లే అనిపిస్తాందన్నా. ఆ స్టూడియోలో మనం ఎవర్నో నిద్ర లేపుతామేమో అన్నట్టు పాడినాం.”

“నువ్వు గూడా వాళ్లల్లో కలిసినావా?” తిప్పేష్ ఫోన్‌ను మళ్లీ జేబులో కుక్కుకున్నాడు. ఏడాది కష్టం ఆ ఆల్బం. “పోనీలే. ఏసీ గదుల్లో కూర్చునేవాళ్లకు మన పాట ఏం తెలుస్తాది? నాకు మా ఊరోళ్లు చాలు. మా నాయన చాలు.”

ఇది ఒట్టి బడాయి కాదు. బెళుగుప్ప దగ్గర వాళ్లది చిన్న పల్లె. తిప్పేష్ చిన్నప్పుడే హాస్టలుకు పోయి, అటునుంచి అటే రాప్తాడులో మెకానిక్కుగా కుదురుకున్నాడు. పోయినేడు ఆల్బం వినిపిస్తే తండ్రి చెన్నప్ప రెండు చెవులూ మూసుకున్నాడు. అలాంటి మనిషి వారం తిరక్కుండా ఫోన్ చేసి, “రేయ్, ఆ పాటలు చిప్పులో ఎక్కిచ్చి ఇయ్యిరా. చేన్లో మైకుకు పెట్టుకుంటా” అన్నాడు. తర్వాత పక్క చేని లక్ష్మీపతి అడిగాడు. ఆ పక్క సిద్దమ్మ అడిగింది. పొద్దు గూకితే చాలు, ఊరి చేలన్నిటా తిప్పేష్ గొంతే. “నీ పాట ఉంటేనే నాకు నిద్ర పడతాదిరా” అనేవాడు చెన్నప్ప.

ఎందుకని తిప్పేష్ ఏనాడూ అడగలేదు. మెచ్చుకున్నవాణ్ణి ఎందుకు మెచ్చుకున్నావని ఎవరడుగుతారు!

కొత్త పాటలు చిప్పులో ఎక్కించుకుని, ఆ సాయంత్రమే బండి మీద ఊరికి పోయాడు. చెన్నప్ప చేను గట్టు మీదే ఉన్నాడు. ఈ ఏడు వానలు ఏదో దయతలిచి నేల లోపలిదాకా తడిసేలా రెండు పదునులు ఇచ్చాయి. శనక్కాయ చెట్లు పచ్చగా, కాయ ఊరుతూ ఉన్నాయి. చెన్నప్ప కళ్లల్లో చాలా ఏళ్లకు కాస్త వెలుగు కనిపించింది.

“కొత్తవి తెచ్చినా నాయనా. పాత చిప్పు తీసి ఇది పెడతా.”

చెన్నప్ప మైకుకు అడ్డం నిలబడ్డాడు. “పాతవి బాగుండాయి కదప్పా! ఇప్పుడెందుకు మార్చేది?”

“ఇవి ఇంకా బాగుంటాయి.”

“పంట ఇంటికి రానీరా. అంతవరకూ పాతవే ఉండనీ.”

“నువ్వు గూడానా నాయనా?” అన్నాడు తిప్పేష్. “అందరూ వద్దంటాండారు. నీకూ వద్దా నా పాట?”

చెన్నప్ప ఏదో చెప్పబోయాడు. కొడుకు కళ్లల్లో నీళ్లు తిరగడం చూసి ఆ మాట మింగేశాడు. చేను వైపు ఒకసారి, కొడుకు వైపు ఒకసారి చూసి, మెల్లగా పక్కకు జరిగాడు.

తిప్పేష్ చిప్పు మార్చి, తేలికపడిన గుండెతో రాప్తాడు తిరిగిపోయాడు.

తెల్లారేసరికి తండ్రి ఫోన్. “ఒకసారి చేను కాడికి రారా.” అంతే, పెట్టేశాడు.

“చూసినావా!” అని అశ్వినికి ఫోన్ చేసి మరీ చెప్పాడు తిప్పేష్. “రాత్రి విన్నాడు, పొద్దున్నే పిలుస్తాండాడు. విమర్శ అంటే అదీ!”

దారి పొడుగునా కొత్త పాటే కూనిరాగం తీశాడు. ఊరు చేరేసరికి గట్టు మీద లక్ష్మీపతీ సిద్దమ్మా నిలబడి ఉన్నారు. పలకరిస్తే ఇద్దరూ నేలచూపులు చూశారు. గుంజకు కట్టిన మైకు ఇంకా పాడుతూనే ఉంది. దాని పక్కన చెన్నప్ప మోకాళ్ల మీద చేతులు వేసుకుని కూర్చున్నాడు.

“నాయనా, విన్నావా? ఎట్లుండాయి?”

చెన్నప్ప చేను వైపు చెయ్యి చూపించాడు. శనక్కాయ చెట్లు వేళ్లతో సహా తిరగబడి ఉన్నాయి. ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా కాయల పొట్టు చెల్లాచెదురుగా పడి ఉంది. మైకు గుంజ చుట్టూ మాత్రం, బరువైనవేవో తీరిగ్గా పొర్లి పడుకున్నట్టు మన్ను మెత్తగా అణిగిపోయింది.

తిప్పేష్ చెయ్యి చాచి మైకు ఆపేశాడు.

“నాకు బాగానే ఉండాయిరా” అన్నాడు చెన్నప్ప, తలెత్తకుండానే. “పాత పాటలకు ఒక్క అడవిపందీ ఈ గట్టు దాటలేదు. ఇవి మాత్రం వాటికి శానా నచ్చినాయి.”