సున్నం గుండ్రాలు

“సంతకాలన్నీ నా కళ్లెదురుగానే పెట్టాల. జనం గుమిగూడితే మాత్రం కేసే. కరోనా రూలమ్మా!” అన్నాడు పంచాయతీ సెక్రటరీ ధనరాజ్.

బ్రాందీ షాపుని ఊళ్లోంచి ఎత్తెయ్యమన్న అర్జీ దుర్గాభవాని చేతిలో చెమటకి తడిసిపోతోంది. గడువు ఈ సాయంత్రానికే.

“పోనీ ఇంటింటికీ రండి బాబూ.”

“నాకేటైనా అయితే ఎవులు సూస్తారు?”

ఆమెకి కాలు నిలవలేదు. విసురుగా పంచాయతీ ఆఫీసు గుమ్మంలోకి వచ్చింది. రోడ్డుకి అటుపక్కే బ్రాందీ షాపు. సున్నంతో గీసిన గుండ్రాల్లో మగాళ్లు బారులు తీరారు. వాళ్లలో ఆమె మొగుడు గిరిబాబూ ఉన్నాడు. కానిస్టేబులు దగ్గరుండి లైను సరిచేస్తున్నాడు.

దుర్గాభవాని చూపు ఆ గుండ్రాల మీద పడింది. వెంటనే తోటికోడలికి ఫోను చేసింది.

“ఒసే రేఖా, ఆడోల్లందర్నీ బ్రాందీ షాపుకాడికి రమ్మను. మనిసికో గుండ్రం!”

కాసేపటికి మగాళ్ల వెనక గుండ్రాల్లో ఆడాళ్లు బారులు తీరారు. ధనరాజ్ పరుగున వచ్చాడు. “ఏటీ గుంపు?”

“గుంపు కాదు బాబూ, లైను. గుండ్రాలు మీరు గీయించినవే. మీ కళ్లెదురుగానే పెడతాం సంతకాలు.”

కానిస్టేబులు మాస్కు చాటున నవ్వుకున్నాడు.

కౌంటరు దాకా వచ్చేసిన గిరిబాబు వెనక్కి తిరిగి పెళ్లాన్ని చూశాడు. చేతిలోని నోటు మడిచి జేబులో పెట్టుకున్నాడు. గుండ్రం దాటకుండానే చెయ్యి చాపాడు.

“పెన్నిలా తే.”