తలుపులో కమ్మీ

“అవును అని ఒక్క మాట అను చాలు. నీ సొమ్మేం పోయింది?” అన్నాడు డైరెక్టరు.

డిజైనరు కొత్త కారు మట్టి నమూనా ముందు మోకాళ్ళ మీద కూర్చుని, తలుపు వంపును రేకుతో గీకుతోంది. ఆమె గీసిన మొదటి కారు ‘పిడుగు’ రోడ్ల మీద దూసుకుపోతోంది. కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాళ్ళు కూడా కొనుక్కోగలిగే స్పోర్ట్స్ కారు అదొక్కటే. ఇప్పుడు అంతకంటే చవకగా ఇంకొకటి కావాలంటున్నారు.

“ఆయన కింద గదిలో కూర్చుని ఉన్నాడు,” అన్నాడు లాయరు. “దర్జీ. పిడుగులో కొడుకు పోయాడు. కారులో ఏ లోపమూ లేదని సంతకం పెడతానని తనంతట తనే ఒప్పుకున్నాడు. కాకపోతే ముందు ఆ కారు గీసినవాళ్ళని ఒకటి అడగాలట. నిదానంగా పోయుంటే మావాడు బతికేవాడా అని. మీరు అవునంటారు, ఆయన సంతకం పెడతాడు. గొడవ వదిలిపోతుంది.”

“ఫోటో చూశాను,” అంది ఆమె, చేతిలో రేకు ఆపకుండానే. “తలుపు అట్టముక్కలా మడతపడిపోయింది. లోపల కమ్మీ ఉంటే అలా అయ్యేది కాదు.”

“మళ్ళీ మొదలెట్టావా తల్లీ!” డైరెక్టరు నెత్తి కొట్టుకున్నాడు. “కమ్మీ పెడితే బరువు. బరువైతే పెద్ద ఇంజను. పెద్ద ఇంజనైతే ధర. ఆ ధరకి ఎవడు కొంటాడు? తీసేసినప్పుడు నువ్వూ ఊరుకున్నావుగా.”

“వద్దని చెప్పాను సార్.”

“చెప్పి ఊరుకున్నావు. ఈ కొత్తదాంట్లోనూ ఉండదు. ఫ్యాక్టరీ మూతపడితే ఎన్ని కుటుంబాలు రోడ్డున పడతాయో ఆలోచించు. ఆయన ముందు నోరు జారకు. సారీ కూడా అనకు. సారీ అంటే ఒప్పుకున్నట్టే.”

ఆమె చేతికంటిన మట్టి గుడ్డతో తుడుచుకుని లేచింది.

కింద చిన్న గదిలో గోడ నిండా ఎర్ర పిడుగు ఫోటో. దర్జీ దానికి వీపు చూపించి కూర్చున్నాడు. గడ్డం మాసి ఉంది. బల్ల మీది కాగితం అంచును, బట్ట ముడత సరిచేస్తున్నట్టు వేళ్ళతో నిమురుతున్నాడు.

“మీరేనా అమ్మా గీసింది?” అన్నాడు ఆమెను చూసి. “మావాడు ఎవరో మగాయన అనుకునేవాడు.”

ఆమె తలూపి ఎదుట కూర్చుంది.

“నాకు మీ కారు మీద కోపం లేదమ్మా. కేసు వెయ్యమన్నారు, పేపరువాళ్ళకి చెప్పమన్నారు. నేనే వద్దన్నాను. తోలేవాళ్ళకి ఒళ్ళు తెలియకపోతే బండేం చేస్తుంది? నాలుగు రోడ్ల దగ్గర కాస్త ఆగాల్సింది. ఆగలేదు. పక్కనుంచి వ్యాను వచ్చి గుద్దింది.” ముందుకు వంగాడు. “ఒక్కటే అడుగుతాను. నిజం చెప్పండి. కాస్త నిదానంగా పోయుంటే వాడు బతికేవాడు కదూ?”

లాయరు పెన్ను మూత తీసి కాగితం పక్కన పెట్టాడు. గుమ్మంలో నిలబడ్డ డైరెక్టరు దగ్గాడు.

అవును అనే మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. దర్జీ కళ్ళార్పకుండా ఆమె పెదాలనే చూస్తున్నాడు. పోయిన పిల్లాడి నెత్తిన ఈ నింద కూడా వేయాలా అనిపించింది. రేపు ఈ మనిషి కొడుకు పటం ముందు నిలబడి, ఏడవడానికి బదులు తిట్టుకుంటాడు. బతికినన్నాళ్ళూ అలాగే తిట్టుకుంటాడు.

“లేదండీ,” అంది.

“అమ్మాయ్!” అని అరిచాడు డైరెక్టరు.

“లేదండీ. నిదానంగా పోయినా అంతే అయ్యేది. ఆ వ్యాను పెద్ద వేగంలో లేదు. ఆ దెబ్బకి మహా అయితే చెయ్యి విరగాలి, ప్రాణం పోకూడదు. తలుపు లోపల అడ్డంగా ఇనుప కమ్మీ ఉండాలి. ధర తగ్గించడానికి తీసేశారు. నేను గట్టిగా అడ్డం పడలేదు. ప్రాణం తీసింది తోలడం కాదు, మేం చేసిన తలుపు.”

లాయరు గబుక్కున కాగితం లాక్కున్నాడు.

“రేపట్నించి నీ మొహం నాకు చూపించకు,” అంటూ డైరెక్టరు విసవిసా వెళ్ళిపోయాడు. లాయరు అతని వెనకే పరిగెత్తాడు.

గదిలో ఇద్దరే మిగిలారు. ఆయన అరుస్తాడనుకుంది. కొట్టినా పడదామనుకుంది. దర్జీ వేళ్ళు బల్ల మీద కదలకుండా ఆగిపోయాయి.

“నిజమేనా అమ్మా?”

“నా ఉద్యోగం పోయిందండీ. అబద్ధం ఎందుకు చెప్తాను? మీ అబ్బాయి తప్పేం లేదు. ఇకనైనా వాణ్ణి తిట్టుకోకండి.”

“వాణ్ణి నేనెందుకు తిడతాను?” దర్జీ వెర్రిచూపులు చూశాడు. “వాడు పక్క సీట్లో కూర్చున్నాడు. తోలింది వాడి అక్క.”

ఆమెకు ప్రాణం లేచొచ్చింది. ఆయన చేయి గట్టిగా పట్టుకుంది. “అయితే వెంటనే ఇంటికెళ్ళి ఆ అమ్మాయికి చెప్పండి. తన వల్ల కాదని చెప్పండి.”

“ఎలా చెప్పనమ్మా? తమ్ముణ్ణి పొట్టన పెట్టుకున్నావు కదే అని పొద్దున లేస్తే అన్నాను. ఆ మాటలు పడలేక పోయినవారం అదీ వాడి దగ్గరికే వెళ్ళిపోయింది.”