జారని బండ

"ఈ టైల్స్ అన్ని పలుగుతోని పీకి పారేస్త. పొలాల అమాస లోపల వాకిట్ల వేరే బండ పడాలె," అన్నాడు భోజన్న.

కొడుకు శివరాజ్ చాయ్ గ్లాసు అరుగు మీద టక్కున పెట్టాడు. "పిచ్చి లేసిందా బాపూ? నిరుడే గద ఏసినయి. కుండల్‌వాడిల గిట్ల మెరిసే వాకిలి ఇంకెవ్వరికన్న ఉన్నదా? అద్దం లెక్కున్నదని అందరు అచ్చి చూసిపోతుండ్రు."

"అద్దంల మొకం చూసుకుంటరు. దాని మీద నడుస్తరారా?"

"జాత్రల కొత్త ఎద్దులు కొంటనన్నవు, సరే అన్న. ఇప్పుడు వాకిలి తవ్వుతనంటున్నవు. రేపు ఇల్లు గూడ కూలగొడుతవా? చూసి నడిస్తె ఎవ్వరు పడరు," అంటూ శివరాజ్ తలుపు పక్కన చేతికర్ర పట్టుకుని నిలబడిన భార్య వైపు ఒక చూపు విసిరాడు.

వసంత తల దించుకుంది. నిరుడు పొలాల అమావాస్య నాడు, వాకిట్లోకి తెచ్చి పూజించే ఎద్దుల కాళ్ళు కడగడానికి బిందెతో నీళ్ళు తెస్తూ ఈ టైల్స్ మీదే జారి పడింది. తొడ ఎముకకు రాడ్డు వేశారు. ఇంకోసారి పడితే మళ్ళీ లేచి నడవడం కష్టమని డాక్టరు చెప్పాడు. అప్పటి నుంచి వాన పడితే చాలు, ఆమె గడప దాటదు. కాలు ఎట్లుందని ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు. మామ అయితే ఆమెను పేరు పెట్టి కూడా పిలవడు.

"నాందేడ్‌కు పోయి నేనే బండ చూసొస్త. నువ్వు రాకు, నీ కండ్లకు మెరుపే కనవడ్తది," అన్నాడు భోజన్న కొడుకుతో. "ఆమెను తోలు."

"ఆమెనా? ఎందుకు?"

"కాలిరిగింది ఆమెకే గద. జారేది ఏందో ఆమెకే ఎరుక."

వసంత తలెత్తింది. తను విన్నది నిజమేనా?

జీపులో డ్రైవరు పక్క సీటు ఆమెకే ఇప్పించి, భోజన్న వెనక జనం మధ్య ఇరుక్కుని కూర్చున్నాడు. "కాలు పైలం. దేనికి తాకియ్యకు," అని దారిలో ఒకసారి, దిగేటప్పుడు మళ్ళీ ఒకసారి చెప్పాడు. పెళ్ళయి వచ్చాక ఆయన ఇన్ని మాటలు మాట్లాడడం ఇదే మొదలు.

బండల దుకాణం యజమాని దయానంద్ ఎదురొచ్చాడు. "యా కాకా, రండ్రి. ఇంటి ముందరికా? ఈ గ్రానైటు చూడుండ్రి. పెండ్లి హాలుకు ఏసిన మాలు."

"ఉన్న టైల్స్ పీకి ఏస్తున్నం, కోడలు నడిచి చూస్తది. నీళ్ళు తే," అన్నాడు భోజన్న. బకెట్ నీళ్ళు గ్రానైటు మీద కుమ్మరించి కోడలి వైపు తిరిగాడు. "చెప్పులిడువు. కర్ర గూడ పక్కకు పెట్టు. నడువు బిడ్డా."

బిడ్డా! వసంత కర్రను గోడకు ఆనించింది. భయం భయంగానే అడుగు వేసింది. మడమ సర్రున జారింది. దయానంద్ ఆమె చెయ్యి పట్టుకోకపోతే పడేదే.

"ఇది పనికిరాదు," అన్నాడు భోజన్న, ఆమె పాదం వైపే చూస్తూ.

పాలిష్ పట్టిన షాబాదు బండ కూడా జారింది. రంగురంగుల సిమెంటు బ్లాకుల మీద మాత్రం కాలు నిలిచింది. అయినా భోజన్న గొంతుక్కూర్చుని రెండు బ్లాకుల మధ్య వేలు పెట్టి చూశాడు. "సందులున్నయి. ఇరుక్కుంటది. వద్దు."

తన కర్ర మొన గురించేనని వసంతకు అర్థమైంది. ఆ సంగతి తనకే తట్టలేదు.

దుకాణం వెనక, పాలిష్ పట్టని గరుకు బండలు ఒక మూలన పడున్నాయి. "అవి ఎవ్వరడుగుతరు కాకా?" అన్నాడు దయానంద్.

"బరువుకు పగులుతయా?"

"కోడలేమన్న ఏనుగా కాకా?"

వసంతకు నవ్వాగలేదు. ఏడాది తర్వాత ఇట్లా నవ్వడం. ఆ నవ్వుతోనే తడి బండ మీద అడుగు పెట్టింది. పాదం అతుక్కున్నట్టు నిలిచింది.

"ఇంకోసారి. జెర జోరుగ," అన్నాడు భోజన్న. ఇంకో బకెట్ పోశాడు. "ఇప్పుడు గిర్రున మర్లు."

రాడ్డు ఉన్నచోట సలుపుతోంది. వసంత పళ్ళ బిగువున ఓర్చుకుంది. మామ తన కోసం ఇంత దూరం వస్తే, ఈ మాత్రం నొప్పి ఓర్చుకోలేదా? ఏడాదిగా లోపల దాచుకున్న కోపమంతా ఆ నీళ్ళతో పాటు పోయింది. ఈసారి పండుగకు కర్ర లేకుండా, బిందె తనే మోయాలనుకుంది.

"మామా, ఇదే బాగుంది," అంది. ఆ ఇంటి విషయంలో ఆమె తన మాట చెప్పడం అదే మొదటిసారి.

భోజన్న తలూపాడు. "ఇదే ఖాయం. రేపు బండి తోలు," అన్నాడు దయానంద్‌తో.

దయానంద్ చేతులు జోడించాడు. "కాకా, కోడలి కాలు కోసం వాకిలే తవ్వించే మామను నేనెన్నడు చూడలే. దేవుని అసొంటోనివి."

భోజన్న అర్థం కానట్టు చూశాడు.

"కోడలి కాలేంది? అమాస నాడు కొత్త ఎద్దులు వాకిట్లకు రావాలె గద. రాడ్డు కాలే నిలవడ్డంక గిట్టలు జారుతయా?" అంటూ తడి బండను అరచేత్తో నిమిరాడు. "మరి ఇంత దూరం ఎద్దును జీపుల కూసోపెట్టుకొని రావొస్తదా?"