నాలుకను పట్టుకున్న పెంకు

ఈ కథలో ఒక్క అబద్ధం దొరికినా నా మీసం తీయించుకుంటాను.

“మామయ్యా, వేడి మీటరు ముల్లు పన్నెండు వందల డిగ్రీలు దాటింది. ఆపేస్తున్నా!”

“ఆపావో, చెడ్డావు,” అన్నాడు మామగారు. ఆ బట్టీకి పాత మేస్త్రి ఆయనే.

కోడలి చెయ్యి గ్యాస్ వాల్వ్ మీదే ఆగిపోయింది. లోపల రెండు వందల కమోడ్లు కాలుతున్నాయి. పోయిన బట్టీలో వేడెక్కువై అంచులన్నీ వాడిన ఆకుల్లా వంగిపోయాయి. “ఇంకొక్క బట్టీ పాడైతే నువ్వు ఇంటికే,” అన్నాడు యజమాని. అందుకే మామగారిని మోచేయి పట్టుకుని మరీ తీసుకొచ్చింది.

ఆయన కళ్లద్దాలు సవరించుకుని, బట్టీ గోడకున్న రంధ్రం దగ్గర ముఖం పెట్టాడు. “మంట గొంతు ఇంకా పచ్చిగానే ఉంది. ఒక పెంకు లాగు.”

ఆమె ఇనుప చువ్వతో నమూనా పెంకును బయటికి లాగి, ఇసుకలో చల్లారాక ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని విరిచి, విరిగిన అంచును నాలుకకు ఆనించాడు.

“ఛీ, కమోడ్ మట్టి మామయ్యా!”

“ఇంకా ఎవరూ కూర్చోలేదులే. ఇదిగో, నాలుకను పట్టుకుంటోంది. గుల్ల ఇది. నీళ్లు తాగుతుంది, నాలుగు నెలల్లో కంపు కొడుతుంది.”

“మరి ముల్లు అబద్ధమాడుతోందా?”

“ముల్లు వేడెంతో చెబుతుంది తల్లీ. మట్టి ఉడికిందో లేదో దానికేం తెలుసు? పెంచకు, తగ్గించకు. ఇదే వేడి మీద ఇరవై నిమిషాలు నిలబెట్టు.”

“ఇవీ వంగితే?”

“ఇద్దరం కలిసే ఇంటికెళదాం. మీ అత్తయ్య తలుపు తీస్తుందా అన్నది వేరే సంగతి.”

ఆమెకు నవ్వు రాలేదు. పది నిమిషాలు. పదిహేను. ఇక ఆగలేక వాల్వ్ తిప్పబోయింది. ఆయన చెయ్యి ఆమె మణికట్టును వెతికి పట్టుకుంది.

ఇరవైకి రెండో పెంకు లాగింది. అది నాలుకకు అంటలేదు.

“ఇప్పుడాపు.”

రెండోరోజు బట్టీ తెరిచారు. యజమాని తనే ఒక కమోడ్ పగలగొట్టి, ముక్కను ఎర్రసిరాలో నానబెట్టి, తీసి కడిగాడు.

“లోపలికి దిగిందా?” అడిగాడు మేస్త్రి.

“చుక్క దిగలేదు మామయ్యా!”

ఆయన పక్కనున్న కమోడ్‌ను వేలితో మీటాడు. గంటలా మోగింది. అంచు పొడవునా అరచెయ్యి నడిపించి, “బద్ద పెట్టి గీసినట్టుంది. కూర్చోమను మీ యజమానిని,” అన్నాడు.

సరే, మంగలిని పిలవండి. ఆ కళ్లద్దాలు నేను తగిలించినవి.

ఆయనకు చూపు పోయి పదేళ్లు.