అధ్యక్షురాలి ఆచూకీ

శుక్రవారం లోపల దామోదర్‌కు మునిలక్ష్మి అనే ఆడమనిషి దొరకాలి. ఆమె అతను మేనేజరుగా ఉన్న ఫ్యాక్టరీలోనే పనిచేస్తోంది. ఎవరో మాత్రం అతనికి తెలియదు.

ఫ్యాక్టరీ పీణ్య పారిశ్రామికవాడలో ఉంది. పంపుల విడిభాగాలు చేస్తారు. మూడేళ్ళ కిందట, సరుకు కొనే విదేశీ కంపెనీవాళ్ళు ఒక మెలిక పెట్టారు. ఆడవాళ్ళను వేధిస్తే విచారించే కమిటీ ఉండాలి, దానికి ఒక సీనియర్ మహిళ అధ్యక్షురాలిగా ఉండాలి, చట్టం కూడా అదే చెబుతోంది అన్నారు. చట్టానికి ఇంత తీరిక ఎక్కడిదా అని విసుక్కుంటూ దామోదర్ జీతాల పట్టీ తిప్పాడు. ఆడపేర్లలో పదిహేడేళ్ళ సర్వీసు ఉన్నది ఒక్కటే కనిపించింది. మునిలక్ష్మి, హెల్పర్. ఇంతకన్నా సీనియర్ ఎవరుంటారు? టైపు చేయించి గోడకు అంటించేశాడు. ఉన్న నలభై మంది హెల్పర్లలో ఈవిడ ఎవరో లేచి చూసే ఓపిక లేకపోయింది.

ఆ తర్వాత మూడు నెలలకోసారి కమిటీ సమావేశమైంది, అతని టేబుల్ మీద, అతనొక్కడితో. "ఫిర్యాదులేవీ లేవు" అని మినిట్స్ పుస్తకంలో రాసి, కింద మునిలక్ష్మి అని ఇంగ్లీషులో తనే ముచ్చటగా సంతకం పెట్టేవాడు.

ఇప్పుడు ఫిర్యాదు వచ్చింది. అదీ అతని మీదే.

మెషిన్ మీద పనిచేసే శశికళ చెయ్యి స్టోర్ రూములో పట్టుకున్నాడు. విదిలించుకుని పోయినందుకు మర్నాడే ఆమెను ప్యాకింగ్‌లోకి తోశాడు. ఆ పిల్ల నోరు మూసుకుని ఊరుకోలేదు. ఓనరుకు ఒక కాగితం ఇచ్చి, అదే సంగతి విదేశీ కంపెనీకీ మెయిల్ చేసింది. ఓనరుకు ఆడవాళ్ళ గౌరవం మీద అప్పటికప్పుడు ఎక్కడలేని పట్టింపు పుట్టుకొచ్చింది. శుక్రవారం విచారణ, బయటినుంచి లాయరు వనజగారు వస్తారు, నేరం తేలితే నీ ఉద్యోగం ఉండదు, మీ అధ్యక్షురాల్ని పిలిపించు అన్నాడు.

దొంగకు తేలు కుట్టినట్టయింది దామోదర్‌కు. మెషిన్ల మధ్యలో నిలబడి మునిలక్ష్మి ఎవరని అడిగితే, కమిటీ ఉత్తుత్తిదని తానే చాటింపు వేసుకున్నట్టు. అడక్కపోతే శుక్రవారం ఖాళీ కుర్చీ.

గది ఊడవడానికి ఆయా వచ్చింది. గోడలకు చెవులుంటాయేమోగాని చీపురుకు ఉండవని దామోదర్ నమ్మకం. ఆవిడ ఎదురుగానే ఫోన్‌లో ఎన్ని ఘనకార్యాలు మాట్లాడి ఉంటాడో లెక్కలేదు.

"ఆయా, మన దగ్గర మునిలక్ష్మి అని ఎవరన్నా ఉన్నారా?"

ఆయా ఊడవడం ఆపింది. "ఉండాది సార్. ఆయమ్మతో ఏం పని?"

అమ్మయ్య అనుకుని దామోదర్ తలుపు వేసి, గొంతు తగ్గించి అంతా చెప్పాడు. శుక్రవారం ఆవిడ వచ్చి కూర్చుని, విచారించాను, తప్పేమీ లేదు అంటే చాలు. వాళ్ళింట్లో ఎవరికి కావాలన్నా పని ఇప్పిస్తాడు. కాదంటే ఆవిడ పని కూడా ఉండదు. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు. ఆయా ఏమీ అడక్కుండానే, చెయ్యి పట్టుకున్న మాట నిజమేనని, ఆ మాత్రానికే కోర్టులూ కమిటీలూ ఏమిటని నవ్వాడు కూడా.

"ఆ పొద్దు శశికళ బాత్రూములో కూర్చోని ఏడ్సింది సార్," అంది ఆయా.

ఆడవాళ్ళకు ఏడవడానికి వేరే కారణం కావాలా అన్నాడు దామోదర్.

మర్నాడు చెత్తబుట్ట తీసుకెళ్ళడానికి వచ్చి ఆయా కబురు చెప్పింది. మునిలక్ష్మి వస్తానందట. కాకపోతే ఇన్నేళ్ళూ తాను ఏమేం సంతకాలు చేసిందో ఒకసారి చూసుకోవాలందట. ఎంత తెలివైన మనిషి అని దామోదర్ మురిసిపోయాడు. మినిట్స్ పుస్తకం పాత పేపర్లో చుట్టి ఆ చెత్తబుట్టలోనే పెట్టి ఇచ్చాడు. సంతకం బాగా చూసుకుని అచ్చంగా అలాగే పెట్టమను, ఒక్క వంకర కూడా తేడా రాకూడదని మరీ మరీ చెప్పాడు. శ్రమపడినందుకు ఆయాకు తన డబ్బాలోంచి రెండు బిస్కెట్లు ఇచ్చాడు.

శుక్రవారం పదకొండు గంటలకు మీటింగ్ రూములో ఓనరు, లాయరు వనజ కూర్చున్నారు. శశికళ ఒక పక్కగా, ఒళ్ళో చేతులు బిగబట్టుకుని కూర్చుంది. ఈ పని పోతే ఇంకెక్కడా మెషిన్ మీద నిలబడనివ్వరని ఆ పిల్ల భయం. టేబుల్ చివర అధ్యక్షురాలి కుర్చీ ఖాళీగా ఉంది. దామోదర్ తలుపు వైపే చూస్తున్నాడు.

తలుపు తీసుకుని ఆయా వచ్చింది. ఇస్త్రీ చీర కట్టుకుంది. చేతిలో మినిట్స్ పుస్తకం, పేపరు చుట్టకుండా. గుట్టుగా చేయమన్న పని ఇలా రట్టు చేస్తుందేమిటని దామోదర్ కుర్చీలోంచి సగం లేచాడు.

"పుస్తకం అక్కడ పెట్టి, ఆమెను లోపలికి పంపించి పో," అన్నాడు పళ్ళ బిగువున.

ఆయా పుస్తకం టేబుల్ మీద పెట్టింది. పోలేదు. ఖాళీ కుర్చీ లాక్కుని కూర్చుంది. వనజ ఒక్క క్షణం ఆమె మొహం చూసి, హాజరు కాగితమూ పెన్నూ ఆమె ముందుకు జరిపింది.

ఆయా పెన్ను పక్కకు నెట్టి బొటనవేలు చూపించింది. "మునిలక్ష్మి నేనే మేడం, నాకు వేలిముద్రే గాని సంతకం రాదు, ఈ పుస్తకంలో మూడేండ్లుగా నా పేరు ఇంగ్లీషులో రాసిందెవురో ఈ సార్నే అడగండి."