దుప్పట్ల అక్క తీర్పు

"ఎనిమిది గంటల ఏడుపు. నా ఓటు పడదు" అంటూ పత్రికా విమర్శకుడు ఫైలు మూసేశాడు.

విదేశీ సీరియళ్ళ పోటీకి ఆఖరి రోజు. పొడవాటి బల్ల చుట్టూ న్యాయనిర్ణేతలు నలుగురు. చర్చలో ఉన్నది ఒక జర్మన్ సీరియల్: నూరేళ్ళ కిందటి ఓ కలవారి కుటుంబం, వాళ్ళ నూరు గదుల హోటల్, మూడు తరాల కథ. మూడు ఓట్లు పడితే గానీ దానికి బహుమతి రాదు. ఇప్పటిదాకా పడినవి సున్నా.

"నటన బాగుంది. కాదనను. కానీ అది చూశాక నాకు రెండు పూటలు ముద్ద దిగలేదు. అలాంటి దానికి బహుమతి ఎలా ఇస్తాం?" అంది విమర్శకుడి పక్కన కూర్చున్న పాతతరం నటి. అధ్యక్షులవారు రిటైరైన ప్రొఫెసరు. ఆయన అటు ఇటు కాకుండా తలూపారు.

ఇక మిగిలింది దుప్పట్ల అక్క.

ఆవిడ అసలు పేరు అడిగినవాళ్ళు లేరు. ఊళ్ళోకెల్లా పెద్ద హోటల్లో దుప్పట్లు, తువ్వాళ్ళు, దిండు గలీబులు పెట్టే గదికి ఇరవై రెండేళ్ళుగా ఆవిడే మహారాణి. హోటల్ కథ వస్తోంది కదా, ఆ పని తెలిసిన మనిషి ఒకరుండాలని నిర్వాహకులు పిలిచారు. పిలిచి, కూరలో కరివేపాకులా పక్కన పెట్టారు. మూడు రోజుల్లో ఆవిణ్ణి ఎవరైనా అడిగింది ఒకే ఒక్క ప్రశ్న, టీలో చక్కెర వెయ్యమంటారా అని.

అక్కకి మాత్రం ఆ సీరియల్ ప్రాణం. డిస్కులు ఇంటికి తెచ్చుకుని, అత్తగారిని పక్కన కూర్చోబెట్టుకుని ఎనిమిది భాగాలూ చూసింది. కవర్ల మీద రాసిందంతా జర్మనే. అయినా బొమ్మ కింద మన అక్షరాలు పడుతుంటే ఇబ్బందేముంది? పరుపు మూలల్లో దుప్పటి సరిగ్గా దోపిన పనిపిల్ల కనిపించినప్పుడల్లా, "చూశారా అత్తయ్యా, అదీ పనితనం!" అని మురిసిపోయింది. కథ ముగిసేసరికి అత్తాకోడళ్ళిద్దరూ చప్పట్లు కొట్టారు.

"దీనికి బహుమతి ఇప్పించకుండా ఇంటికొచ్చావో, జాగ్రత్త!" అని పొద్దున్నే అత్తగారు వేలు చూపించి మరీ పంపింది. వేళాకోళానికే అన్నా, ఆవిడ ఆశ నిజం. అక్క ఆశ కూడా. కానీ ఇంతమంది చదువుకున్నవాళ్ళ ముందు నోరు పెగలాలి కదా.

"మీరేమంటారమ్మా?" అన్నారు అధ్యక్షులవారు వాచీ చూసుకుంటూ.

అక్క గొంతు సవరించుకుంది. "దీన్ని ఏడుపు కథంటే నేనొప్పుకోనండీ. ఇంత సంతోషమైన కథ నేనింతవరకూ చూళ్ళేదు."

విమర్శకుడికి నవ్వాగలేదు. "సంతోషమా? హోటల్ వేలానికి పోయింది. ముసలావిడ పెట్టె పట్టుకుని ఒంటరిగా మంచులో నడిచిపోయింది. అందులో సంతోషం ఎక్కడ దొరికిందండీ మీకు?"

"పాపం, అది చూసి మా అత్తగారు కూడా కళ్ళొత్తుకున్నారు. కానీ కథంతా అక్కడి నుంచే కదా బాబూ మొదలయ్యేది!"

అధ్యక్షులవారు వాచీ సంగతి మర్చిపోయారు.

"మరి యుద్ధంలో పోయిన కొడుకు?" నటి ముందుకు జరిగింది.

"పోతేనేమమ్మా, వచ్చాడు కదా! తల్లి ఒళ్ళో తలపెట్టుకుని పడుకున్నాడు చూడండీ, అప్పుడు వచ్చింది నాకు ధైర్యం. ఈ ఇంట్లో ఎవరూ ఎక్కడికీ పోరు, ఒక్కొక్కరే వచ్చి చేరతారని."

నటి పైటచెంగు కళ్ళకి అడ్డం పెట్టుకుంది.

"కోర్టుకెక్కి కొట్టుకున్న అన్నదమ్ములు కూడా కలిశారు. ఒకే మంచం మీద, ఒకే దుప్పటి కింద ముడుచుకు పడుకున్నారు" అంది అక్క. గొంతులో వణుకు పోయింది. "ఇక ఆ హోటల్ యజమాని పెద్దాయనంటారా, శుభ్రంగా తాగుడు మానేశాడు."

"ఎప్పుడు మానేశాడండీ?" విమర్శకుడు లేచాడు.

"ఆగవయ్యా!" అధ్యక్షులవారు చెయ్యెత్తారు. "నువ్వు కథ చూశావు. ఆవిడ కథ లోపల చూస్తున్నారు. మీరు చెప్పండమ్మా."

"చెప్పడానికేముందండీ. ఒంటిగది సత్రం. కొత్తగా పెళ్ళయిన జంట. పొయ్యి రాజేసి, తలుపు బార్లా తీసి, వచ్చే మొదటి మనిషి కోసం ఎదురుచూస్తున్నారు. మనసులో అదే నిలిచిపోయింది. ఇంక ఏడవడమెందుకు?"

అధ్యక్షులవారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నలభై ఏళ్ళు పాఠాలు చెప్పాను. అంతంలో ఆరంభాన్ని చూడాలని పుస్తకాల్లో చదివి అప్పజెప్పడమే గానీ, అలా చూసిన మనిషిని ఇవాళే చూశాను."

నాలుగు చేతులూ లేచాయి. విమర్శకుడిది కాస్త ఆలస్యంగా లేచినా, అందరికన్నా ఎత్తుగా లేచింది. ఆ మాటలు తన పత్రికలో రాసుకుంటానని అనుమతి కూడా అడిగాడు. "రాసుకోండి బాబూ, నా సొమ్మేం పోయింది" అంది అక్క. ఈసారి టీ ముందు ఆవిడకే వచ్చింది. వచ్చే ఏడు కూడా తప్పకుండా రావాలని అధ్యక్షులవారు మాట తీసుకున్నారు. అక్కకి నేల మీద కాళ్ళు ఆనడం లేదు. ఎప్పుడు ఇంటికెళ్ళి అత్తగారికి చెబుదామా అని ఒకటే ఆత్రం.

వెళ్ళేముందు డిస్కులు తిరిగి ఇవ్వాలి. ఆఫీసు గుమాస్తా ఎనిమిదీ లెక్క చూసుకున్నాడు.

"ఒకటో భాగం అన్నిటికన్నా పైన, ఎనిమిదోది అన్నిటికన్నా అడుగున పెట్టి ఇచ్చానమ్మా. చూసేటప్పుడు వరస తప్పలేదు కదా?"

"అయ్యో, వరస తప్పుతుందా నాయనా!" అంది అక్క నిండుగా నవ్వుతూ. "ఉతికొచ్చినవి దొంతర పైన పెట్టడం, వాడేవి అడుగునుంచి తియ్యడం ఇరవై రెండేళ్ళ అలవాటు నాకు, ఇవీ అలాగే అన్నిటికన్నా అడుగునున్న దానితో మొదలుపెట్టి, ఒక్కొక్కటే తీసుకుంటూ పైదాకా చూసేశాం!"